ఒక దుబాసీ కథ

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని వ్రాయుమని సంపాదకులు మమ్ము కోరిరి. మేము గణితోపాధ్యాయులము గనుక ఏదో యొక లెక్కను గూర్చియే వ్రాయుదుమని వారు తలచియుందురు. కాని 2024వ సంవత్సరమున మాకు గలిగిన యొక యనుభవము నేటివఱకును మా మనస్సును విడువకున్నది. అది కంప్యూటరు పనికి సంబంధించినదే యైనను, ఆ పని నెఱుగనివారికిని కొంత యుపయోగపడునని నమ్ముచున్నాము. మా పొరపాటును మేమే చెప్పుకొనుట సిగ్గుగానున్నది. అయినను పిల్లల తప్పులను ప్రతిదినమును ఎఱ్ఱసిరాతో దిద్దువారము మా తప్పును దాచుకొనుట న్యాయము కాదు.

మా స్వగ్రామము పెద్దకడుబూరు. ఆదోనికిని ఎమ్మిగనూరునకును దాపున, కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్నది. ఆదోనికి ప్రత్తివ్యాపారమును, ఎమ్మిగనూరునకు మగ్గమును పేరు దెచ్చినవి గాని, చుట్టుపట్ల పల్లెలలో మెట్టచేలే యెక్కువ. వాన సరిగా గురిసిన యేడు పంట. కురియని యేడు వలస. ఈ వలసను మా వైపున సుగ్గి యందురు. కన్నడమున సుగ్గి యనగా పంటకోతల కాలము. సంతోషమును దెలుపు మాట. మా పల్లెలలోనో, ఇంటికి తాళమువైచి పరుల చేలలో కోతకు బోవుటయే సుగ్గి. దీపావళి దాటిన పిమ్మట లారీలు వచ్చును. ప్రత్తి యేరుటకును మిరపకాయలు కోయుటకును గుంటూరు వైపునకు కుటుంబములు తరలిపోవును. పలువురు ఉగాదికి గాని తిరిగిరారు. పిల్లలను వెంట దీసికొనిపోయిరా, వారి చదువు ఆ యేటికి ముగిసినట్లే. అందువలన అట్టి పిల్లలను ఆ నెలలలో నుంచుకొనుటకు వసతిగృహములు నడుపబడుచున్నవి. వానిలో చోటు దొరకవలెనన్న పేరు జాబితాలో నుండవలయును. మా కథ యంతయు ఆ జాబితాను గూర్చినదే.

పూర్వము ఈ జాబితాలను కాగితములపై వ్రాసి పంపుచుంటిమి. 2024లో మా పాఠశాలను నిర్వహించు సంఘమువారి కార్యాలయమునుండి ఒక ఉత్తరువు వచ్చెను. ఇకమీదట పేర్లన్నియు కార్యాలయమందలి ఒరాకిల్ డేటాబేసులో చేరవలయును. వసతిగృహముల వార్డెనులు అందులో జూచియే పిల్లలను జేర్చుకొందురు. కడపటి దినము నవంబరు 9, శనివారము. పల్లెల ఉపాధ్యాయులు పంపిన జాబితాలను కూర్చి డేటాబేసులో నెక్కించు పని మాకు అప్పగింపబడెను. మొత్తము 43 పేర్లు. చేతితో టైపు చేసినచో ఒక పూటలో ముగియును. కాని మేము మా పై తరగతులవారికి పైథాన్ భాష నేర్పుచుంటిమి గనుక, ఆ భాషలో ఒక ప్రోగ్రాము వ్రాసి పేర్లన్నిటిని ఒక్కమాఱే పంపవలెనను కోరిక పుట్టెను. అందు కొంత సేవాబుద్ధియు, కొంత గర్వమును గలవని యిప్పుడు ఒప్పుకొనుచున్నాము.

డేటాబేసన నేమో ముందుగా చెప్పవలయును. మన బడిలో ప్రవేశపు రిజిష్టరు, హాజరు రిజిష్టరు, మార్కుల రిజిష్టరు వేఱువేఱుగా నున్నవి గదా. పిల్లవాని తండ్రిపేరును ఊరిపేరును మూడింటను వ్రాయము. ప్రవేశపు సంఖ్య నొకదానినే మూడింటను వ్రాసి, కావలసినప్పుడు ఆ సంఖ్యనుబట్టి ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు బోవుదుము. సమాచారమునంతయు నిట్టి పట్టికలుగా నుంచి, వానిలోని విలువలచేతనే ఒకదాని నొకటితో జతపఱుపవచ్చునని, ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను ఆంగ్లేయుడు 1970లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. ఇదియే రిలేషనల్ పద్ధతి. 1974లో అదే కంపెనీవారైన డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఈ పట్టికలను ప్రశ్నించుటకు ఒక భాషను గల్పించిరి. నేడు మనము ఎస్.క్యూ.ఎల్. అనునది దానినుండి పెరిగినదే. 1977లో లారీ ఎల్లిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ అను మువ్వురు స్థాపించిన సంస్థ 1979లో ఒరాకిల్ అను పేర ఇట్టి డేటాబేసును విక్రయమునకు దెచ్చెను. ఇక పైథాన్ భాషయో, గైడో వాన్ రాసమ్ అను డచ్చి దేశస్థుడు 1991లో లోకమున కిచ్చినది.

పైథానుకు ఒరాకిల్ మాట తెలియదు. ఒరాకిల్‌కు పైథాను మాట తెలియదు. కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణమున దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీలుండిరని మీరు చరిత్రలో చదివియున్నారు. దుబాసీ యనగా రెండు భాషలవాడు. కంప్యూటరులో నట్టి దుబాసీకి డ్రైవరని పేరు. దుబాసీలందఱును ఎవరికి దోచినట్లు వారు నడచుకొన్నచో ప్రోగ్రాము వ్రాయువానికి ప్రతిమాఱును క్రొత్త చిక్కులే. అందుచేత వారికి పొందికైన నియమములు ఏర్పడినవి. 1992లో మైక్రోసాఫ్టువారు ఓ.డి.బి.సి. యనుదానిని, 1997లో జావా భాషకొఱకు సన్ కంపెనీవారు జె.డి.బి.సి. యనుదానిని తెచ్చిరి. పైథానువారి నియమములకు డి.బి.-ఏ.పి.ఐ. అని పేరు, దాని రెండవ కూర్పు 1999 నాటిది. అందలి క్రమమును నాలుగు మాటలలో జెప్పవచ్చును. కనెక్ట్ అని తలుపు తట్టవలెను. కర్సర్ అను లేఖకుని అడిగి తీసికొనవలెను. ఎగ్జిక్యూట్ అని ఎస్.క్యూ.ఎల్. వాక్యమును పంపవలెను. ఫెచ్ అని ఫలితమును గైకొనవలెను. అయిదవ మాట యొకటి కలదు. దానిని మేము శ్రద్ధగా చదువలేదు.

మేము ముందిడుకొన్న పుస్తకము కొంత పాతది. అందు సీఎక్స్ ఒరాకిల్ అను దుబాసీ చెప్పబడియుండెను. అది తానొంటరిగా పనిచేయదు. ఒరాకిల్‌వారి క్లయింటు లైబ్రరీలను గూడ కంప్యూటరులో నుంచవలెను. మేము 32 బిట్ల లైబ్రరీని దెచ్చి పెట్టితిమి; మా పైథానో 64 బిట్లది. రెండును పొసగక, లైబ్రరీ కనబడలేదని మాటిమాటికి జవాబు వచ్చుచుండెను. కంటి యెదుటనున్న వస్తువును లేదనునేమని రెండు రాత్రులు విసిగితిమి. మా పూర్వవిద్యార్థి యొకడు బెంగుళూరులో ఈ వృత్తియందే యున్నాడు. అతనికి ఫోను చేసితిమి. 'అయ్యవారూ, అది పాత పేరు. 2022లో దానికే పైథాన్-ఒరాకిల్‌డీబీ అని పేరు మార్చినారు. దానికి ఆ లైబ్రరీలతో పని లేదు, నేరుగా మాట్లాడుతుంది' అనెను. 'ఈ మాట రెండు దినముల ముందే చెప్పకపోతివా, నాయనా' యంటిమి. 'మీరు రెండు దినాల ముందు అడగలేదు కదా' అని నవ్వెను. అడుగుటకు సిగ్గుపడవలదని తరగతిలో బోధించువారము మేమే.

అభ్యాసమునకు ఇంటి కంప్యూటరులో ఒరాకిల్‌వారు 2023లో ఫ్రీ యను పేర విడుదల చేసిన ఉచితపు కూర్పు నుంచుకొంటిమి. అందు 12 జి.బి. సమాచారమువఱకు నుంచవచ్చును, 2 జి.బి. ర్యామునకు మించి వాడుకొనదు. ఒక బడి లెక్కలకు అదే మిక్కిలి. అచ్చట పని కుదిరిన పిమ్మట కార్యాలయపు డేటాబేసు తలుపు తట్టితిమి.

మొదట ఓ.ఆర్.ఏ. 12541 అను జవాబు. ఒరాకిల్ వాకిట లిజనర్ అను ద్వారపాలకుడు సాధారణముగా 1521 అను సంఖ్యగల ద్వారమున గూర్చుండును. ఆ ద్వారపాలకుడే లేడని దాని యర్థము. కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ లిజనరును ఎవరును మఱల నడిపింపలేదట. చెప్పి నడిపించితిమి. అప్పుడు 12514 వచ్చెను. ద్వారపాలకు డున్నాడు గాని, మేమడిగిన పేరుగల సర్వీసును తానెఱుగడు. ఆ పేరులో నొక యక్షరము మేమే తప్పు వ్రాసితిమి. దిద్దగా 01017: వాడుకపేరో రహస్యపదమో తప్పు. ఇంగ్లీషు పెద్దయక్షరములకును చిన్నయక్షరములకును గల భేదమును పాటింపక మఱల మఱల తట్టితిమి. పది మాఱులు తప్పగా ఖాతాకే తాళము పడెను. దాని సంఖ్య 28000. కార్యాలయమువారిని బతిమాలి తెఱపించుకొంటిమి. విద్యార్థులారా, ఇందు ప్రతి సంఖ్యయు ఒక్కొక్క నిజమును చెప్పినది. మేము చదువక కోపగించుకొన్నాము. తప్పును జూపు వాక్యముపై కోపగించువాడు రోగము పేరు చెప్పిన వైద్యునితో కలహించువాని వంటివాడు.

ద్వారములు దాటి పేర్లను పంపుట మొదలుపెట్టితిమి. కోసిగి పిల్లల పేర్లు పోయెను. ఎమ్మిగనూరు పిల్లలవియు పోయెను. మా యూరిపేరు వచ్చునప్పటికి పని నిలిచిపోయెను. ఓ.ఆర్.ఏ. 12899: ఈ గడిలో పట్టునది 30, మీరు దెచ్చినది 36. పెద్దకడుబూరు అను పేరు పలుకుటకు ఆఱు అక్షరములే. కంప్యూటరు లెక్క వేఱు. పకారము, ఎత్వము, దకారము, పొల్లు, మఱల దకారము, కకారము, డకారము, దాని కొమ్ము, బకారము, దాని కొమ్ముదీర్ఘము, రకారము, దాని కొమ్ము అని 12 గుఱుతులు. యూనికోడు గుఱుతులను యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో నుంచునప్పుడు తెలుగు గుఱుతు ఒక్కొక్కటి 3 బైట్లు తినును. ఇంగ్లీషు అక్షరమునకు ఒకటే చాలును. 12 మూళ్లు 36. కోసిగికి 6 గుఱుతులు, 18 బైట్లు. ఎమ్మిగనూరునకు 10 గుఱుతులు, సరిగా 30 బైట్లు. అంచు నొరసికొని దూరినది. ఆ గడిని 30 బైట్లని కొలిచి గీసియుండుటచేత మా యూరికి మాత్రము చోటు చాలలేదు. బైట్లు అనుటకు మాఱుగా 30 క్యారెక్టర్లు అని ప్రకటించినచో చిక్కు తీరునని పూర్వవిద్యార్థి చెప్పగా, కార్యాలయమువారికి విన్నవించి మార్పించితిమి. ఈ లెక్కను మఱునాడు తరగతిలో చేయించితిమి. పిల్లలందఱును తమతమ యూళ్లు ఎన్ని బైట్లో వేళ్లమీద లెక్కించుకొనిరి.

మఱియొక చిక్కును అతడు మాకు పరీక్షగా పెట్టెను. 'డి'సౌజా అని ఇంగ్లీషులో పేరు రాసి పంపండి, అయ్యవారూ' అనెను. మేము పేర్లను ఎస్.క్యూ.ఎల్. వాక్యమునందు నేరుగా అతికించుచుంటిమి. ఆ పేరు నడుమనున్న చిన్న గుఱుతును జూచి, పేరు అచ్చటనే ముగిసెనని తలచి డేటాబేసు తక్కిన భాగమును అర్థము చేసికొనలేకపోయెను. దుర్మార్గుడు ఈ సందునుండియే పేరునకు మాఱుగా ఒక ఆజ్ఞను దూర్చి పట్టికలనే చెఱుపగలడట. అందుచేత వాక్యమునందు ఖాళీ చోటు విడిచి, పేరును వేఱుగా అందింపవలెను. బైండు చేయుట యని దీనికి పేరు. అచ్చు ఫారములో గీతలపై పేరు వ్రాయుటవంటిది. వ్రాసినది పేరుగానే యుండును గాని ఫారముయొక్క మాట కానేరదు. ఈ పద్ధతిని నేర్చితిమి.

ఇన్ని నేర్చిన పిమ్మట నవంబరు 9వ తేది రాత్రి ప్రోగ్రామును నడిపితిమి. ఱెప్పపాటులో 43 పేర్లును పోయెను. నమ్మలేక అదే ప్రోగ్రాములో ఎన్ని యున్నవని లెక్క యడిగితిమి. తెరపై 43 అని కనబడెను. కనెక్షనును మూసి, దేవునికి వందనములు చెల్లించి, హాయిగా నిద్రించితిమి.

బుధవారము ఉదయమున వసతిగృహపు వార్డెనమ్మగారు ఫోను చేసి, 'సార్, సోమవారం నుంచి చూస్తున్నాము. మీ పిల్లల పేర్లు ఒక్కటి కూడా రాలేదు' అనిరి. ఎక్కించితిమని, కన్నులార జూచితిమని వాదించితిమి. ఆమె ఓర్పుతో 'మీరు చూసినారేమో సార్, ఇక్కడ లేవు' అనిరి. వెంటనే బెంగుళూరునకు ఫోను చేసి జరిగినదంతయు జెప్పితిమి. అతడు కొంచెముసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, 'అయ్యవారూ, కమిట్ చేసినారా?' అని యడిగెను.

అయిదవ మాట అదియే. ఎగ్జిక్యూట్ అని పంపినది పెన్సిలు వ్రాత వంటిది. కమిట్ అనువఱకు అది సిరాతో వ్రాసినది కాదు. ఇది డేటాబేసు లోపము కాదు, గొప్ప యేర్పాటు. ఒక వసతిగృహపు బియ్యమునుండి 2 బస్తాలు తీసి మఱియొకదానికి చేర్చునప్పుడు, తీయుట జరిగి చేర్చుట జరుగకముందే కరెంటు పోయినచో లెక్క తప్పును. కావున రెండును జరుగవలెను, లేదా రెండును జరుగకుండవలెను. పని పూర్తియైనదని మనము నిశ్చయించి కమిట్ అనువఱకు డేటాబేసు వేచియుండును. ఆ మాట చెప్పకయే కనెక్షను మూసినచో అంతయు వెనుకకు త్రిప్పివేయును. కొన్ని పనిముట్లు ప్రతి వాక్యమునకును తామే కమిట్ చేయును. పైథానువారి నియమమున అట్లు కాదు. మమ్ము మోసపుచ్చినది మఱియొకటి. కమిట్ కాని వ్రాత వ్రాసినవానికి మాత్రము కనబడును, ఇతరులకు కనబడదు. ఆ రాత్రి మేము చూచిన 43 సత్యమే. అది మా కనెక్షనునకు మాత్రమే సత్యము.

ఒక్క వాక్యము చేర్చి ప్రోగ్రామును మఱల నడిపితిమి. అరగంటలో వార్డెనమ్మగారు పేర్లన్నియు వచ్చినవనిరి. కాని లారీలు మా కొఱకు ఆగలేదు. మంగళవారము రాత్రి మూడు కుటుంబములు వెడలిపోయెను. ఇద్దఱు బాలురను అవ్వలయొద్ద విడిచిరి గనుక వారిని తెచ్చి చేర్చితిమి. ఏడవ తరగతి చదువుచున్న యొక బాలికకు మాత్రము ఇంట ఎవరును లేరు. తల్లిదండ్రులు ఆమెను సోమవారము వసతిగృహమునకు దీసికొనివచ్చి, పేరు లేదనగా మఱునాటి సాయంకాలమువఱకు చూచి, వెంట దీసికొనిపోయిరి. మేస్త్రీ ఫోను సంఖ్యను సంపాదించి తండ్రితో మాటలాడితిమి. ఆయన కోపగింపలేదు. 'పేరు లేదన్నారు సామీ. పేరు లేనిచోట ఆడబిడ్డను ఎట్ల ఇడిసిపెట్టిపోయేది?' అనెను. తప్పు మాదని చెప్పితిమి. అందులో తప్పేమున్నదో ఆయనకు తెలియలేదు. కంప్యూటరులో పేరు రాకపోవుట వాన రాకపోవుటవంటిదేనని ఆయన తలంపు. మాకు ఆ మాట కొరడాదెబ్బవలె దగిలెను. వాన మా చేతిలో లేదు. పేరు మా చేతిలో నుండినది.

మడికూలి పాడగునని ఆయన నడుమ రాలేకపోయెను. మేము పోయి తీసికొనివచ్చెదమంటిమి గాని, తల్లి యొప్పుకొనలేదు. సంక్రాంతి దాటిన పిమ్మట తండ్రియే బాలికను దెచ్చి అప్పగించెను. రెండు నెలల పాఠములును అర్ధసంవత్సరపు పరీక్షయు పోయినవి. మిరపకాయలు కోసిన చేతులు మండుచున్నవని ఆమె వారము దినములు కలము సరిగా పట్టలేదు. ఇప్పుడు సాయంకాలములయందు మాయొద్ద గూర్చుండి విడిచిపోయిన లెక్కలను చేయుచున్నది. పూర్ణాంకములు ముగిసినవి, బీజగణితము మొదలుపెట్టితిమి. ఎందుకు చేరలేకపోతివో నీకు తెలియునా యని ఒకనాడు మేమే యడిగి, ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె కొంత ఆలోచించి, 'అయితే సార్, ఇంకొకరిని చూడమని ఉంటే తెలిసిపోయేది కదా' అనెను.

మేము శిక్షణకళాశాలలో నున్నప్పుడు మా ఆచార్యులొకరు, మీరు నల్లబల్లపై వ్రాసినంతమాత్రమున పాఠము ముగియదు, వెనుకబల్లమీది పిల్లవాని నోట దానిని విన్నప్పుడే ముగియునని చెప్పుచుండెడివారు. ఇరువదియేండ్లుగా ఆ సూత్రమును ఇతరులకు జెప్పుచు వచ్చితిమి. మా తెరపై మేము జూచుకొని తృప్తిపడిన ఆ రాత్రి అది జ్ఞాపకము రాలేదు. ఏడవ తరగతి బాలిక దానిని మఱల మాకు నేర్పినది.

ఇప్పుడు మా ప్రోగ్రాములో కమిట్ పిమ్మట ఇంకొక భాగము కలదు. మొదటి కనెక్షనును మూసి, క్రొత్తదానిని తెఱచి, ఎన్ని పేర్లున్నవో మఱల అడుగును. అంతటితో నమ్మక, వార్డెనమ్మగారికి ఫోను చేసి, జాబితాలోని మొదటి పేరును కడపటి పేరును వారిచేత చదివించుకొందుము. రహస్యపదమును ప్రోగ్రామునందు వ్రాయుట మానితిమి. జాబితాను కడపటి దినమువఱకు దాచక వారము ముందే పంపవలెనని నిశ్చయించుకొంటిమి.

విద్యార్థులారా, మీలో పలువురు ముందుముందు ఈ వృత్తిలో ప్రవేశింతురు. పెద్ద పట్టణములలో కూర్చుండి, మీరు చూడని యూళ్ల పేర్లను, మీరెఱుగని వారి పేర్లను వేలకొలది పట్టికల కెక్కింతురు. దుబాసీ మాటను దెలిసికొనుడు, తప్పుల సంఖ్యలను చదువుడు, తెలియనిదానిని అడుగుడు. పని ముగిసినదని మీకు దోచినప్పుడు, అవతలివైపున నున్నవారికి అది కనబడుచున్నదా యని ఒక్కమాఱు విచారింపుడు. ఆ పట్టికలో నొక వరుస యనగా, వాకిట మూటతో నిలిచియున్న ఒక బిడ్డ కావచ్చును.